జరగని ప్రాక్టికల్స్, నిండిన రికార్డులు

సంపాదకులకు,

అయ్యా,

2020 మార్చిలో కరోనా వల్ల విద్యాసంస్థలు మూతపడినప్పుడు, పది పదిహేను రోజుల్లో తిరిగి వస్తామనుకుని పుస్తకాలను హాస్టల్ గదుల్లోనే వదిలి ఊళ్లకు వెళ్లిన విద్యార్థులు నెలల తరబడి రాలేకపోయారు. అయినా బోధన ఆగలేదనే మన విశ్వవిద్యాలయాలు చెప్పుకున్నాయి. ఆగకుండా సాగింది బోధనేనా, హాజరు పట్టికా అన్నది, డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఇప్పటికీ తేలని సందేహం.

థియరీ పాఠం ఎలాగో నడిచింది. ప్రాక్టికల్స్ నడవలేదు. బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి చుక్క చుక్కగా వదులుతూ, రంగు మార్పుతో ముగింపును సూచించే ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబీ రంగుకు తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర చేయి ఆపడం అభ్యాసం మీద రావలసిందే తప్ప వీడియో చూస్తే వచ్చేది కాదు. నేను చేసి పంపిన వీడియోలో ఆ గులాబీ రంగే తమ ఫోన్లలో కనబడలేదని కొందరు పిల్లలు చెప్పారు. అయినా అందరి రికార్డు పుస్తకాల్లోనూ రీడింగులు నిండాయి. అవి నేను పంపిన అంకెలే. కింద సంతకమూ నాదే కనుక, ఈ తప్పులో నాకు వాటా లేదనను.

జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్కల ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం మాత్రమే. ఈ సంగతి ముందే తెలిసి ఉండి కూడా, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి తీసుకెళ్తే తరగతి తప్పిపోయే విద్యార్థికి మరో దారి చూపలేదు. ఇంటి దగ్గరే చదువుకునే పద్ధతి మనకు కొత్తదా అంటే, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడింది; నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఎవరికి వారు చదువుకునేలా తెలుగులో రాసిన పాఠాలు, దగ్గరలోని అధ్యయన కేంద్రం అన్న ఆ పద్ధతిని అరువు తెచ్చుకోవాలని మా కళాశాలలో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

చర్చంతా పరీక్షల చుట్టూనే తిరిగింది. చివరి సెమిస్టరు పరీక్షలను సెప్టెంబరు నెలాఖరులోగా ముగించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020 జులై 6న చెప్పింది. పరీక్ష లేకుండా పట్టా కుదరదని సుప్రీంకోర్టు ఆగస్టు 28న తేల్చింది. జరగని ప్రాక్టికల్స్ మాట మాత్రం మా స్టాఫ్‌రూమ్ గడప దాటలేదు.

మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే నెట్ లేని విద్యార్థులకు చిన్న బృందాలుగా హాస్టళ్లు తెరవడం, అచ్చు పాఠాలు ఇంటికి పంపడం, ప్రయోగాలు స్వయంగా చేసేదాకా, రెండు నెలలు ఆలస్యమైనా సరే, రికార్డుపై సంతకం చేయకపోవడం వంటి నియమాలను ప్రతి విశ్వవిద్యాలయం ఇప్పుడే రాసి పెట్టుకునేలా ఉన్నత విద్యామండలి ఆదేశించాలి. అంతకుముందు ఆ రెండేళ్ల రికార్డులను ఒకసారి తెప్పించుకుని చూడాలి. నేను సంతకం చేసినవాటితోనే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
పార్వతీపురం.