స్కాట్లాండ్‌లోని డండీ నుంచి సుందరానికి

ఒరేయ్ సుందరం,

వందనాలు. మూడు నెలలు ఆలస్యం, క్షమించరా. అమ్మాయి కాన్పు సుఖంగా జరిగింది, మనవడు. నా మోకాలు అలాగే ఉంది. మిగతా కబుర్లు తర్వాత. ఈ ఒక్కటి నీకు చెప్తేగాని నిద్ర పట్టేలా లేదు.

నిన్న సెయింట్ పీటర్స్ చర్చికి వెళ్ళాను! ఒకప్పుడు అక్కడ పాస్టరుగా ఉన్న మక్‌చేన్ అయ్యగారి సమాధి చూశాను. మనం హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకుని రోజుకి నాలుగు అధ్యాయాలు చదివిన బైబిలు పట్టిక ఆయనదే కదా. 1843లో టైఫస్ జ్వరంతో పోయాడు, 29 ఏళ్ళకే. అక్కడ నిలబడితే ఏడుపొచ్చింది.

"మన ఊళ్ళుండగా యూదుల దగ్గరికి సువార్త ఎందుకురా?" అని నాతో వాదించేవాడివి, గుర్తుందా? ఆయన జవాబు విను. 1839లో ఆయనకి గుండెదడ. సేవ ఆపి విశ్రాంతి తీసుకుంటున్నాడు. అప్పుడే స్కాట్లాండ్ సంఘం యూదుల స్థితిగతులు చూసి రమ్మని నలుగురిని పాలస్తీనాకి పంపుతూ వాళ్ళలో ఒకడిగా ఆయన్నీ కలిపింది. తిరిగొచ్చాక నవంబరులో "మొదట యూదునికి" అన్న మాట మీద ప్రసంగించాడు. ప్రాణం మీదికొచ్చిన రోగి దగ్గరికే వైద్యుడు ముందు వెళ్తాడు కదా అన్నాడు. దేవుడు ముందుగా ప్రేమించినవాళ్ళని మనమూ ముందు ప్రేమించాలన్నాడు. వాళ్ళు అన్ని దేశాల్లో ఉన్నారు, అన్ని భాషలూ వచ్చు, వాళ్ళు నమ్మితే లోకమంతా బతుకుతుందన్నాడు. రోమా 11 తియ్యి, 15వ వచనం.

నన్ను పట్టుకున్నది రెండో మాట, దేవుడు ముందుగా ప్రేమించినవాళ్ళన్నది. మన చేతిలో ఉన్న బైబిలు ఎవరిచ్చింది రా? దావీదు ఎవరు, పౌలు ఎవరు? అయినా శతాబ్దాలపాటు వాళ్ళని తరిమి చంపినవాళ్ళలో సిలువ పట్టుకున్నవాళ్ళే ఎందరో. ఈరోజు ఒక యూదుడు మన మాట వినకపోతే నేనెలా తప్పుపడతాను? ప్రేమతో చెప్పాలి, ప్రార్థించాలి, బలవంతం మాత్రం... సరే, అది వేరే ఉత్తరం.

అసలు చెప్పాల్సింది ఒంటె గురించి! నవ్వకు, మన వార్డెన్ కాదు. ఆ నలుగురిలో డాక్టర్ బ్లాక్ దారిలో ఒంటె మీంచి పడ్డాడు. అందుకని ఆయనా, నలుగురిలో ఇంకొకరైన కీత్ గారూ డాన్యూబ్ నది మీదుగా వెనక్కి బయల్దేరారు. హంగరీలోని పెస్ట్‌లో కీత్‌కి చావు తప్పి కన్ను లొట్టపోయినంత జబ్బు. అక్కడి రాజవంశపు ఇల్లాలు మరియా డొరొతేయా వచ్చి ఆదుకుంది. ఆమె ప్రోత్సాహంతోనే 1841లో ఆ ఊళ్ళో యూదుల మధ్య సేవ మొదలైంది. అక్కడ నమ్మినవాళ్ళలో ఒక కుర్రాడు ఎవరో తెలుసా? ఎడర్‌షైమ్! మన లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పుస్తకం, నువ్వు దిండు కింద దాచేవాడివి, అది రాసింది ఆయనే! ఏసుప్రభువు కాలపు యూదుల ఇల్లూ పండగా ఆయన దగ్గరే కదరా నేర్చుకున్నాం. ఆ ఒంటె సరిగ్గా నడిచుంటే మనకి ఆ పుస్తకమే...

అమ్మాయి పిలుస్తోంది, పిల్లాడు లేచాడు. పోస్టు డబ్బా ఇంకాసేపట్లో తీస్తారు. చెల్లెమ్మకి వందనాలు చెప్పు. నువ్వు ఇంకా ఒప్పుకోకపోతే వెంటనే రాయి.

నీ
దానియేలు