మా ఆహార యాత్రను నిలబెట్టిన అందరికీ

బొలోన్యాలో నేను నడిపే చిన్న ఆహార యాత్రల సంస్థ ఈ డిసెంబరు దాకా మూతపడలేదు. 2020లో, అందులోనూ ఇటలీలో, ఈ మాట చెప్పగలగడం చిన్న విషయం కాదు. ఇది నా ఒక్కదాని వల్ల జరగలేదు. ఎవరెవరి వల్ల జరిగిందో నలుగురి ముందు చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా పని గురించి తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. వచ్చిన అతిథులను పొద్దున్నే మోదెనా వైపు తీసుకెళ్లి పార్మిజానో చీజ్ తయారీ చూపిస్తాం. అక్కడి నుంచి బాల్సమిక్ వెనిగర్ పీపాలు ఉన్న అటక మీదికి వెళతాం. మధ్యాహ్నం బొలోన్యా పాత బజారు క్వాద్రిలాతెరో సందుల్లో తిరిగి, సాయంత్రం చేత్తో పాస్తా చేయడం నేర్పిస్తాం. అతిథుల్లో అమెరికా వారు, మన తెలుగు కుటుంబాలు ఎక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే రాబడితోనే మాకు ఏడాదంతా గడవాలి.

ఫిబ్రవరి 21న లొంబార్దీ ప్రాంతంలోని కొదోన్యోలో కరోనా కేసులు బయటపడ్డాయి. మార్చి 8న మోదెనా, పార్మా జిల్లాలకు రాకపోకలు ఆపేశారు. 10వ తేదీ నుంచి దేశమంతటికీ అదే నిబంధన. ఇల్లు దాటాలంటే ఎందుకు వెళుతున్నామో రాసి సంతకం చేసిన కాగితం చేతిలో ఉండాలి. ఆ నెలాఖరుకు భారత్‌కు విమానాలు కూడా ఆగిపోయాయి. వసంతకాలం బుకింగులన్నీ ఒకదాని వెంట ఒకటి రద్దయ్యాయి. నాకు రావలసిన డబ్బును ఒక పెద్ద బుకింగ్ సంస్థ నెలల తరబడి ఆపి ఉంచింది కూడా అప్పుడే.

మొదటి కృతజ్ఞత ఆ బుకింగులు చేసుకున్నవారికే. రద్దయిన యాత్రలకు డబ్బుకు బదులు వోచరు ఇవ్వవచ్చని ఇటలీ ప్రభుత్వం చట్టం చేసింది. అయినా ఎవరినీ బలవంతం చేయడం ఇష్టం లేక, డబ్బు కావాలా వోచరు కావాలా అని అందరినీ అడిగాను. చాలామంది డబ్బు నా దగ్గరే ఉంచమన్నారు. డల్లాస్‌లో ఉండే ఒక డాక్టర్ దంపతులు, రోజూ కోవిడ్ వార్డులో పనిచేసి వచ్చి కూడా, తీరిక చేసుకుని ఉత్తరం రాశారు. "మా డబ్బులోంచి ఆ చీజ్ చేసేవాళ్లకు, పాస్తా నేర్పే పెద్దావిడకు ఇవ్వాల్సింది ముందు ఇచ్చేయండి. మేము ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు" అన్నారు. ఆ ఉత్తరం చదివి ఏడ్చాను. వారు చెప్పినట్టే చేశాను. డబ్బు వెనక్కి తీసుకున్నవారి మీద కూడా నాకు ఏ మాత్రం కినుక లేదని ఇక్కడే చెబుతున్నాను. ఉద్యోగాలు పోయిన ఇళ్లలో ఆ డబ్బు అవసరమే. వారు అడిగిన తీరులో కూడా ఎంతో మర్యాద ఉంది.

ఇక చేతులు కట్టుకుని కూర్చోకుండా నన్ను లేపినవాడు మా బజారులోని చీజ్ దుకాణదారు. 2012 మే 20న, మళ్లీ 29న ఇక్కడ భూకంపం వచ్చింది. గోదాముల్లో అరలు కూలి పార్మిజానో చక్రాలు లక్షల సంఖ్యలో కింద పడ్డాయి. అప్పుడు ఈ ప్రాంతం వాళ్లు పగిలిన చీజ్‌ను కొనమని ప్రపంచాన్ని అడిగారు. మోదెనాకు చెందిన వంటగాడు మస్సిమో బొత్తూరా ఆ చీజ్‌తో చేసే అన్నం వంటకం ఒకటి చెప్పాడు. ఆ అక్టోబరులో ఒక రాత్రి ఎన్నో దేశాల్లో జనం దాన్ని తమ ఇళ్లలో వండుకున్నారు. చీజ్ అమ్ముడుపోయింది, తయారీదారులు నిలబడ్డారు. దుకాణదారు నాకు ఈ సంగతి ఫోనులో గుర్తుచేసి, "నువ్వు విరాళాలు అడగవద్దు. నీ దగ్గర ఉన్నది అమ్ము. నీకు తెలిసింది నేర్పు" అన్నాడు. ఐరోపాలో ఉన్న మనవారికి పార్సిళ్లు కట్టి పంపే బాధ్యత తనే తీసుకున్నాడు. తన దుకాణానికి గిరాకీ సగం పడిపోయిన రోజుల్లో కూడా, అమ్ముడైన తర్వాతే నా దగ్గర డబ్బు తీసుకున్నాడు.

అలా ఫోను తెర మీద మా యాత్ర మళ్లీ మొదలైంది. దానికి ప్రాణం పోసింది మాత్రం మా పాస్తా గురువుగారే. ఆమెకు ఎనభై ఏళ్లు దగ్గర పడ్డాయి. దాదాపు మీటరు పొడవున్న అప్పడాల కర్రతో పిండిని పలచగా సాగదీసే ఆడవాళ్లను ఇక్కడ స్ఫొల్యీనా అంటారు. ఆ పనిలో ఆమెను మించినవారిని నేను చూడలేదు. వయసు రీత్యా ఆమె ఇంటికి మేమెవరం వెళ్లకూడదు. ఆమెతో ఉండే మనవడు గరిటెలు వేలాడదీసే కమ్మీకి ఫోను కట్టాడు. నేను మా ఇంట్లో కూర్చుని ఆమె మాటలను తెలుగులోకి చెబుతూ వచ్చాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడి సూపర్ మార్కెట్లలో పిండి అరలు ఖాళీ అయిపోయేవి, ఈస్టు అసలే దొరకలేదు. మా వీధి బేకరీ యజమాని ఆమె గుమ్మం ముందు పిండి సంచి పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయేవాడు. ఆయనకు కూడా చేతులెత్తి నమస్కారం.

ఆమె కొలత చాలా సులువు. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు. బాగా మర్దించి, అరగంట మూతపెట్టి ఉంచి, తర్వాత సాగదీయాలి. ఊరి బయట కొండ మీద సాన్ లూకా మాత ఆలయం ఉంది. పాస్తా రేకును కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే అందులోంచి ఆ కొండ కనిపించాలని బొలోన్యా వాళ్ల మాట. తాల్యాతెల్లె అనే పాస్తా ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని, అది అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు అని 1972లో ఇక్కడి వాణిజ్య మండలిలో నమోదు చేసి, బంగారంతో నమూనా కూడా చేయించి పెట్టారు. ఇవన్నీ నేను పర్యాటకులకు ఎప్పుడూ చెప్పే విషయాలే. కానీ ఆమె తెర మీద మన ఆడవాళ్ల చేతులు చూస్తూ చెప్పినవి నాకే కొత్త. మన గుడ్లు కాస్త చిన్నవి కాబట్టి లెక్క వదిలేసి పిండిని తాకి చూడమంది. మే నెలలో రాజమండ్రి నుంచి చేరిన ఒక అక్కయ్యకు రేకు సాగుతుండగానే ఎండి పగిలిపోతోంది. ఎందుకో మాకెవరికీ తోచలేదు. "ఆమె తల మీద తిరుగుతున్నది ఏమిటి? ముందు దాన్ని ఆపమను" అంది గురువుగారు. ఫ్యాను ఆపారు. రేకు చక్కగా వచ్చింది. ఆ ఉక్కలో చెమటలు కారుతున్నా ఫ్యాను లేకుండా చివరిదాకా నిలబడిన ఆ అక్కయ్యను నేను మరిచిపోలేను.

ఆత్రేయపురం దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దమ్మ కోడలితో కలిసి చేరారు. ఒక రోజు పాఠం అయ్యాక ఆమె తమ పొయ్యి దగ్గరికి ఫోను తిప్పమని, బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగి పూతరేకు తీసి చూపించారు. మా గురువుగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. మళ్లీ చూపించమంది. మళ్లీ మళ్లీ చూపించమంది. "అందులోంచి సాన్ లూకా కొండే కాదు, మీ ఊరి దాకా కనిపిస్తుంది" అంది. ఆ పెద్దమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ ఇప్పటికీ ఆదివారాలు ఫోనులో పలకరించుకుంటారు. నేను లేకుండానే. పెద్దమ్మా, మీరు ఆ రోజు మా గురువుగారికి ఇచ్చిన సంతోషానికి వెల లేదు. అప్పటికి ఆమె నెలల తరబడి మనవణ్ని తప్ప మనిషిని చూడలేదు.

మన తెలుగు ఇళ్లు చేసిన సాయం గురించి ఇంకా చెప్పాలి. మీరు చూసి వెళ్లిపోలేదు. అడిగారు, పట్టుబట్టారు, మా పద్ధతినే మార్చారు. తొర్తెల్లీనీ అనే చిన్న పాస్తాలో పంది మాంసం ఉంటుంది, శాకాహారులం ఏం చేయాలి అని అడిగినవారి వల్లే తొర్తెల్లోనీ పాఠం పెట్టాం. అది రికోత్తా అనే మెత్తటి తాజా చీజ్, పార్మిజానో చీజ్, పార్స్లీ ఆకు నింపి చేసే పాస్తా. క్రిస్మస్ ముందు రోజు రాత్రి మాంసం ముట్టని ఇళ్లలో ఇక్కడ తరతరాలుగా అదే వండుతారు. రికోత్తా దొరకని చోట పనీరును మెత్తగా చిదిమి వాడారు. గుడ్డు కూడా తినం అన్నవారి కోసం దక్షిణాన బారీ నగరం నుంచి ఒక సోదరి ముందుకొచ్చింది. అక్కడ పాత ఊళ్లోని అర్కో బాస్సో సందులో ఆడవాళ్లు ఇంటి ముందు బల్ల వేసుకుని ఒరెక్కియెత్తె అనే పాస్తా చేస్తారు. గట్టి గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. మన బొంబాయి రవ్వను మిక్సీలో మెత్తగా తిప్పి ప్రయత్నించండని నేను చెబితే, పిండి నలిపి నలిపి మీ బొటనవేళ్లు నొప్పి పుట్టినా వదలలేదు. న్యూజెర్సీలో పొద్దున పది, హైదరాబాదులో రాత్రి ఏడున్నర (చలికాలంలో ఎనిమిదిన్నర), మాకు సాయంత్రం నాలుగు. ఆ వేళకు మీరంతా తడి చేతులతో తెర ముందు సిద్ధంగా ఉండేవారు. ప్రతి పాఠానికీ డబ్బు కట్టి వచ్చారు. బంధువులను కూడా తీసుకొచ్చారు. ఆ డబ్బుతోనే గురువుగారికి నెలనెలా జీతం ఇవ్వగలిగాను.

ఇప్పుడు మోదెనా దగ్గర పశువుల కొట్టంలో పనిచేసే పాజీ గురించి. పంజాబీలో పాజీ అంటే అన్న. పంజాబు నుంచి వచ్చి ఈ పో నది మైదానంలో పాడి పనిలో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. నొవెల్లారాలో 2000లో ప్రారంభమైన పెద్ద గురుద్వారా వాళ్లదే. దేశమంతా ఇళ్లలో ఉన్నప్పుడు వీళ్లకు సెలవు లేదు. ఆవులు రెండు పూటలా పాలిస్తాయి, ఆ పాలు ఏ రోజువి ఆ రోజే చీజ్ కావాలి. సందర్శకులు లోపలికి రాకూడదన్న నిబంధన వల్ల మా యాత్రలో చీజ్ భాగం పోయిందనుకున్నాను. పాజీ తన యజమానిని ఒప్పించి, డ్యూటీ అయిపోయాక నిద్ర మానుకుని, ఫోను పట్టుకుని తయారీ గదిలో మా కోసం నిలబడ్డాడు. ముందు రోజు సాయంత్రం పాల మీద తేలిన మీగడ తీయడం, వాటిలో పొద్దుటి పాలు కలిపి రాగి గంగాళంలో పోయడం, విరిగిన పాలను బియ్యపు గింజలంత ముక్కలయ్యేలా చిలకడం, 55 డిగ్రీల వేడికి తేవడం, అడుగున చేరిన ముద్దను నారబట్టతో పైకెత్తి రెండుగా కోయడం, ఇవన్నీ హిందీలో వివరించాడు. సుమారు 550 లీటర్ల పాలకు 40 కిలోల చక్రం ఒకటి. దాన్ని దాదాపు ఇరవై రోజులు ఉప్పునీటిలో ఉంచి, కనీసం ఏడాది మాగబెట్టాలి.

తిరుపతి నుంచి చేరిన ఒక బామ్మగారు పాలు దేనితో విరుగుతాయని అడిగారు. పాజీ తడుముకోకుండా దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో అని చెప్పాడు. నచ్చకపోతే ఇది తినవద్దమ్మా అన్నాడు కూడా. బామ్మగారు తినలేదు. కానీ చివరిదాకా కూర్చుని, అతని పిల్లల గురించి అడిగి, ఆశీర్వదించి వెళ్లారు. ఇద్దరికీ నా నమస్కారాలు. సరుకు అమ్మడం కోసం నిజం దాచకూడదన్న పట్టుదల ఉన్న మనిషితో పనిచేస్తున్నందుకు నాకు గర్వంగా ఉంది.

ప్రభుత్వం స్వయం ఉపాధి వారికి ఇచ్చిన 600 యూరోలకు దరఖాస్తు నింపి, ఫీజు తీసుకోని అకౌంటెంటుకు కృతజ్ఞతలు. మా వంటగది అద్దె వేసవి దాకా సగం చేసిన యజమానురాలికి కూడా. గుంటూరు నుంచి రాత్రిళ్లు మేలుకుని ధ్వని, చిత్రం, డబ్బు చెల్లింపులు చూసుకున్న మా పిన్ని కొడుకు లేకపోతే మొదటి పాఠమే జరిగేది కాదు. తమ్ముడూ, పరీక్షలకు చదువుకుంటూ కూడా ఇది చేశావు.

మే 18న ఇక్కడ హోటళ్లు తెరిచారు. జూన్ 3 నుంచి ఐరోపా సరిహద్దులు కూడా. ఆ వేసవిలో బొలోన్యా వాళ్లే తమ ఊరి సందుల్లో నాతో తిరగడానికి వచ్చారు. ఊళ్లో పుట్టి పెరిగినవారు నా లాంటి బయటిదాని వెంట నడవడం ఎంత పెద్ద మనసో నాకు తెలుసు. నవంబరులో మళ్లీ అన్నీ ఆగాయి. ఈ నెల 21 నుంచి జనవరి 6 దాకా ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి వెళ్లకూడదని కొత్త ఆదేశం వచ్చింది. దూరదేశాల అతిథులు ఎప్పుడు రాగలరో ఇంకా ఎవరూ చెప్పడం లేదు. అయినా మార్చిలో ఉన్న భయం ఇప్పుడు లేదు. గురువుగారి జీతం వచ్చే వసంతం దాకా సర్దుబాటు అయింది. క్రిస్మస్ పార్సిళ్లు డబ్లిన్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లకు బయలుదేరాయి. వాటిని కొన్న ప్రతి ఇంటికీ దుకాణదారు తన చేత్తో ఒక చీటీ రాసి పెట్టాడు, చూడండి.

23న తొర్తెల్లోనీ పాఠం ఉంది, వేళ మామూలే. పనీరు వాడేవారు ముందు రోజే బట్టలో కట్టి బరువు పెట్టి ఉంచండి, నీరు ఉంటే అంచులు విడిపోతాయని గురువుగారు మరీ మరీ చెప్పమన్నారు. వోచర్లు ఉన్నవారు వాటి మీద వేసిన తేదీ గురించి ఆందోళన పడవద్దు. చట్టం పెట్టిన గడువు ఏదైనా, మీరు ఎప్పుడు రాగలిగితే అప్పుడు అవి చెల్లుతాయి. డల్లాస్ డాక్టర్ గారూ, మీరు అడిగిన శాకాహార భోజనం సంగతి కూడా రాసి పెట్టుకున్నాను.