ఆ ప్రాసెసర్ విషయంలో అసలు జరిగింది ఇదీ

మన కంప్యూటర్ దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక కస్టమర్ ప్రాసెసర్ (కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్) మా చేతుల్లో పాడైంది, దాని అడుగున ఉండే సన్నని పిన్నులు వంగాయి. ఆ మాట హనుమకొండలో నలుగురికీ పాకింది. "కంపెనీకి వాపసు పంపి కొత్తది తెప్పించారట కదా" అని కొందరు, "పిన్నులు సరిచేసి అదే అంటగట్టారట" అని ఇంకొందరు అడుగుతున్నారు. రెండూ నిజం కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే తమ్ముడొకతను తన సిస్టమ్‌ని సర్వీసింగ్‌కి ఇచ్చాడు. అందులో ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600, రెండేళ్ల కింద మేమే బిగించి ఇచ్చింది. దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ దాన్ని చల్లబరిచే కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే మార్చాలి, అంతే పని. మా కుర్రాడు కూలర్ స్క్రూలు విప్పి నిటారుగా పైకి లాగాడు. పేస్ట్ బంకలా పట్టేసి ఉంది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి లివర్ (గొళ్లెం) వేసే ఉన్నా, అది కూలర్‌తో పాటు ఊడొచ్చి, టేబుల్ అంచుకి తగిలి కింద పడింది. ఈ ఏఎం4 రకం ప్రాసెసర్ అడుగున 1,331 పిన్నులుంటాయి. వాటిలో తొమ్మిది వంగాయి, ఆ తొమ్మిదిలో రెండైతే పూర్తిగా అడ్డంగా పడుకున్నాయి.

తప్పు కుర్రాడిది అనను. కూలర్ విప్పేముందు సిస్టమ్‌ని పది పదిహేను నిమిషాలు నడిపి, వేడికి పేస్ట్ మెత్తబడ్డాక ఆపి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ తీయాలి. అది నేను నేర్పాల్సింది. నేర్పలేదు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేశాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత "అన్నా, శుక్రవారం ఆల్బమ్ ఇయ్యాలె" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడేళ్ల వారంటీలో ఇంకా ఏడాది మిగిలే ఉంది. "ఆన్ కావట్లేదని రాసి పంపెయ్, ఎవరు చూస్తారు" అని తోటి వ్యాపారి ఒకాయన సలహా ఇచ్చాడు. వంగిన పిన్నులకు వారంటీ రాదు, అది పగిలినట్టే లెక్క. భూతద్దం కింద పెడితే దొరికిపోతుంది కూడా. కానీ దొరకకపోయినా పంపేవాణ్ని కాదు. మా టేబుల్ మీద జరిగినదాన్ని కంపెనీ లోపమని కాగితం మీద నా చేత్తో రాయలేను.

ఇక మిగిలింది రిపేరు. లెడ్ తీసేసిన పెన్ పెన్సిల్ మొనను పిన్ను మీదికి తొడిగి, భూతద్దం లైటు కింద కొంచెం కొంచెంగా లేపాలి. ఒకసారి వంగి లేచిన పిన్ను అప్పటికే బలం కోల్పోయి ఉంటుంది, అటూ ఇటూ ఆడిస్తే తెగిపోతుంది. రెండు గంటలు పట్టింది. ఎనిమిది లేచాయి. పడుకున్న రెండింట్లో ఒకటి మొదలుకంటా విరిగింది.

అయినా పెట్టి చూశాం. సాకెట్‌లో దానంతటదే దిగింది (దిగకపోతే ఎప్పుడూ నొక్కకూడదు), సిస్టమ్ ఆన్ అయింది, విండోస్ వచ్చింది. పైకి చూస్తే అంతా బాగానే ఉంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) మాత్రం ర్యామ్ 16 జీబీకి బదులు 8 జీబీయే కనిపించింది. ర్యామ్‌లు అటుదిటు మార్చినా అంతే. విరిగిన పిన్నుతో పాటు ఒక మెమరీ చానెల్ (ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కి వెళ్లే దారి) పోయింది.

అది అతనికి ఇవ్వలేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీకి ఫోన్ చేసి, ఆర్టీసీ కార్గోలో కొత్తది తెప్పించి, గురువారం మధ్యాహ్నానికి బిగించి ఇచ్చాం. 10,800 రూపాయలు మావే. సర్వీసింగ్ డబ్బులు కూడా తీసుకోలేదు.

అదే వారం కాజీపేట నుంచి ఒక బీటెక్ అబ్బాయి వచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్న కొత్త ప్రాసెసర్, డబ్బా విప్పేసరికే మూలన నాలుగు పిన్నులు వంగి ఉన్నాయి. "సరిచేసిస్తారా అంకుల్" అన్నాడు. పావుగంట పని, మూడు వందలు వచ్చేవి. వద్దన్నాను. మేము ముట్టుకుంటే పిన్ను మీద గీత పడుతుంది, ఆ తర్వాత వాపసు గడువు ఉన్నా ఎవరూ తీసుకోరు. డబ్బాతో సహా ఫొటోలు తీయించి వాపసు పెట్టమన్నాను. మార్చి ఇచ్చారట, మొన్న వచ్చి చెప్పాడు. కాబట్టి కొత్తది దెబ్బతిని వస్తే ముందు గడువు చూడండి, పిన్ను మీద చెయ్యి వేయకండి. గడువు దాటాక తీసుకురండి, మేము చేస్తాం. విరిగితే డబ్బులు తీసుకోం, కానీ పని చేస్తుందని మాట మాత్రం ఇవ్వలేం.

ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎం5 రకానికి, ఇప్పటి ఇంటెల్ ప్రాసెసర్లకు పిన్నులు మదర్‌బోర్డ్ సాకెట్‌లోనే ఉంటాయి. అవి ఇంకా సన్నం. బోర్డుతో వచ్చే సాకెట్ ప్లాస్టిక్ మూత పారేయకండి. బోర్డు వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే తీసుకోవడానికి పేచీ పెడతారు.

ఇకనుంచి మా దగ్గర కూలర్ విప్పే పని ఏదైనా మీరు ఉండగానే చేస్తాం. ఉండలేనివాళ్లకు విప్పేముందు, విప్పాక ఫొటోలు వాట్సాప్‌లో పంపుతాం. మా వల్ల పాడైతే ఖర్చు మాది, ఈ మాట రసీదు మీద రాసి ఇస్తున్నాం.

ఒక పిన్ను లేని ఆ ప్రాసెసర్ ఇప్పుడు మా బిల్లింగ్ కంప్యూటర్‌లో ఒక్క ర్యామ్‌తో నడుస్తోంది. మీ రసీదు వచ్చేది దాని నుంచే.