మంత్రి గారూ, ఆ బొగ్గు ముక్కని డేటింగ్‌కి పంపే ముందు అది ఏ చెట్టో చూపించండి

పురావస్తు శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, తవ్వకాల్లో కుండ పెంకు దొరికితే నంబర్ వేస్తారు, పూస దొరికితే ఫోటో తీసి డబ్బాలో దాస్తారు, అదే బొగ్గు దొరికితే పెద్ద ముక్క ఒకటి ఏరి కార్బన్ డేటింగ్‌కి (అంటే ఎన్నేళ్ళ పాతదో లెక్కకట్టడానికి) పంపేసి మిగతాది మట్టితో పాటు గుట్టలో పోసేసే చోట్లు ఇంకా ఉన్నాయి. ఆ పంపిన ముక్క కూడా తిరిగి రాదు, ల్యాబ్‌లో దాన్ని కాల్చి గ్యాస్ చేసేస్తారు. అంటే అది ఏ చెట్టో ముందే చూడకపోతే ఇంక ఎప్పటికీ తెలీదు. నా గోల ఇదే.

కర్ర గాలి సరిగ్గా ఆడకుండా కాలితే బొగ్గవుతుంది, దాన్ని బూజు, పురుగు పెద్దగా ముట్టుకోవు, అందుకే వేల ఏళ్ళు మట్టిలో ఉండిపోతుంది, పైగా లోపలి కణాల అమరిక చాలావరకు చెదరదు. ముక్కని చేత్తో విరిచి అడ్డంగా ఒక ముఖం, నిలువుగా రెండు ముఖాలు మైక్రోస్కోప్ కింద చూస్తే నీళ్ళు మోసే గొట్టాలు విడివిడిగా ఉన్నాయా గుంపులుగా ఉన్నాయా, వాటి మధ్య చారలు ఎంత మందం, ఇవన్నీ కనిపిస్తాయి. స్పీషీస్ (ఫలానా జాతి చెట్టు అని) దాకా చెప్పలేకపోయినా జీనస్ (దగ్గరి జాతుల గుంపు) దాకా చాలాసార్లు చెప్పొచ్చు.

ఇది డేటింగ్‌కి కూడా కావాలి సార్. పెద్ద మాను మధ్యలో ఉండే చేవ, చెట్టు నరికే నాటికే వందల ఏళ్ళ పాతది అయ్యుండొచ్చు, ఆ ముక్క పంపితే వచ్చే తేదీ చేవ పెరిగిన కాలానిది, పొయ్యి వెలిగించిన రోజుది కాదు. కర్రలో ఏటా పెరిగే వలయాల వంపు చూస్తే అది సన్న పుల్లో లావు దుంగో పట్టేయొచ్చు, పుల్లని పంపితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. ఇప్పుడున్న ఏఎంఎస్ పద్ధతికి (కార్బన్ అణువుల్ని నేరుగా లెక్కపెట్టే డేటింగ్ అది) కొన్ని మిల్లీగ్రాముల కార్బన్ చాలు కూడా.

బొగ్గు చూసి అడవి ఎలా చెప్తారు, జనం తమకి నచ్చిన కర్రే ఏరుకుంటారు కదా అని మీ ఆఫీసర్లు అడగొచ్చు. అడగాల్సిందే. 1940లో ఇంగ్లండ్‌లోని మెయిడెన్ కాజిల్ అనే పాత కోట దగ్గర దొరికిన బొగ్గుని బట్టి సాలిస్‌బరీ, జేన్ అనే వృక్షశాస్త్రవేత్తలు అప్పటి అడవి గురించి రాస్తే, మరుసటి ఏడే గాడ్విన్, టాన్స్‌లీ అనే మరో ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు సరిగ్గా ఈ పాయింటే లేవనెత్తారు. తర్వాత ఫ్రాన్స్‌లో మాంట్‌పెలియే నగరంలోని పరిశోధకులు దీని మీద గట్టిగా పనిచేశారు: పొయ్యిలో మిగిలేది చివరి ఒకటి రెండు మంటల బొగ్గు, అదే నేలంతా చెల్లాచెదురుగా ఉన్నది ఏళ్ళ తరబడి వాడిన వంటచెరకు, కాబట్టి అడవి గురించి అడగాలంటే ఈ రెండోదాన్ని అడగాలి, అదీ వందల ముక్కలు చూసి. అప్పుడు కూడా వచ్చే శాతాలు అడవిలో చెట్ల సెన్సస్ కాదులెండి, కానీ కింది పొర నుంచి పై పొరకి ఏ చెట్టు తగ్గింది, ఏది పెరిగింది అన్నది తెలుస్తుంది.

మనుషుల సంగతి ఇంకా బాగుంటుంది. బొగ్గు గొట్టాల్లో ఫంగస్ దారాలు కనిపిస్తే అది చాలావరకు కింద పడి పుచ్చిన కర్ర, అంటే నరకలేదు, ఏరుకున్నారు. ఇజ్రాయెల్‌లో గెషర్ బెనోత్ యాకోవ్ అనే తవ్వకాల చోట దాదాపు 7,90,000 ఏళ్ళ కిందటి కాలిన కర్రలో ఆలివ్, విల్లో లాంటి చెట్లని గుర్తుపట్టారు! చెట్లు తక్కువున్న మంచుయుగపు చోట్ల ఎముకలు కూడా మంటలో వేశారు, కాబట్టి బూడిద ఉండి బొగ్గు లేకపోయినా అదీ రాసిపెట్టుకోవాల్సిందే. (నిగనిగలాడే గాజులాంటి బొగ్గు చూసి విపరీతమైన వేడి అని రాసేవాళ్ళు చాలామంది, తర్వాత చేసిన ప్రయోగాల్లో అది నిలబడలేదు. ఇలాంటివి మన రిపోర్టుల్లో రాకూడదంటే చూసేవాళ్ళు ఉండాలి.)

కోట్లు అడగట్లేదు సార్. తవ్వకం పర్మిషన్‌లోనే ఒక షరతు పెట్టండి, ప్రతి పొర నుంచీ మట్టి తీసి నీళ్ళలో తేల్చాలి అని. డ్రమ్ము, సన్న జల్లెడ, నీళ్ళు ఉంటే పని మొదలవుతుంది, తేలిన బొగ్గుని నీడలో మెల్లగా ఆరబెట్టాలి, ఎండలో పెడితే పగిలి రజను అవుతుంది. అటవీ శాఖతో మాట్లాడి ఇప్పుడున్న చెట్ల కొమ్మల్ని బొగ్గు చేయించి పేర్లతో ఒక కలెక్షన్ పెట్టించండి, పోల్చుకోవడానికి అది లేకపోతే మైక్రోస్కోప్ ఉండీ దండగే. చూడ్డానికి ట్రైనింగ్ ఉన్న మనుషుల్ని పర్మినెంట్‌గా తీసుకోండి, ప్రాజెక్ట్ అయిపోగానే పంపేస్తే పని మళ్ళీ మొదటికొస్తుంది. డేటింగ్ ఫారంలో ‘ఏ చెట్టు, పుల్లా దుంగా’ అని ఒక గడి చేర్పించండి, అది ఖాళీగా వచ్చిన శాంపిల్‌కి బిల్లు పాస్ చెయ్యకండి.