కనాతులూ, నీటి వంతుల గిన్నే

సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన సమాజాల గురించి చెప్పేటప్పుడు మనం కట్టడాలను పొగిడి, వాటిని నడిపిన కట్టుబాట్లను విస్మరిస్తున్నాం. ఇరాన్ కనాతులనే చూడండి: కొండవాలులోని భూగర్భ జలాన్ని, స్వల్ప వాలుతో తవ్విన సొరంగం ద్వారా, ఏ యంత్రమూ లేకుండా పల్లపు పొలాలకు చేర్చారు. గోనాబాద్‌లోని కనాతు పొడవు దాదాపు 33 కిలోమీటర్లు. వరుసగా తవ్విన నిలువు బావులు లోపలివారికి గాలిని అందించేవి. మట్టి తీయడానికీ అవే దారి.

అంతకంటే గొప్పది, నా దృష్టిలో, నీటి పంపకం. అడుగున చిన్న రంధ్రమున్న గిన్నెను నీటితొట్టిలో వదిలి, అది నిండి మునగడానికి పట్టే సమయాన్ని కొలతగా తీసుకుని, ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టి ఒక్కో రైతుకు వంతు నిర్ణయించేవారు. ఆ లెక్క చూసే మనిషిని ఊరంతా నమ్మవలసి వచ్చేది. 2016లో యునెస్కో 11 కనాతులను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాఠ్యపుస్తకాల్లో సొరంగం బొమ్మ పక్కనే ఆ గిన్నె బొమ్మనూ ముద్రించి, వంతుల పద్ధతిని వివరించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు