తనిఖీలు మందుల షాపులకేనా?

సంపాదకులకు నమస్కారం.

మందుల షాపుల్లో తనిఖీలంటూ పోయిన వారం జిల్లా పేజీలో మీరు వేసిన వార్త, ఫొటోతో సహా చూశాను. రిజిస్టర్లు తిరగేస్తున్న అధికారులు, పక్కన చేతులు కట్టుకుని షాపాయన. సంతోషం. అదే మేడ మీదున్న పళ్ల డాక్టరు గదికి మాత్రం ఎవరూ ఎక్కినట్టు లేదు. మోకాళ్ల నొప్పులేమో పాపం.

ప్రభుత్వాసుపత్రి మందుల గదిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. గత నెల దవడ పన్ను తీయించుకోడానికి ఒక క్లినిక్‌కి వెళ్లాను. ఎండ పడే కిటికీ గట్టు మీద, నొప్పి తెలియకుండా చిగుళ్లకు పొడిచే లిగ్నోకైన్ మందు, 30 ఎంఎల్ సీసా. అడ్రినలిన్ కలిసిన ఆ మందుకు వేడీ వెలుతురూ పడవని వేరే చెప్పాలా? రబ్బరు మూతకు సూది గుచ్చే ఉంది, వచ్చిన వాళ్లందరికీ అందులోంచే లాగుతున్నారు. ఎప్పుడు తెరిచారో తేదీ లేదు. తెరిచిన 28 రోజులకు పారేయాలి కదమ్మా అంటే, "అయిపోయేదాకా వాడతాం తాతా" అంది అసిస్టెంటు పిల్ల. నోరు తెరుచుకుని కూర్చున్నవాడు ఇంకేం వాదిస్తాడు?

పన్ను పీకాక తెల్ల కాగితం పొట్లంలో మాత్రలు చేతికిచ్చారు. కత్తిరించిన స్ట్రిప్ మీద 'మడాల్' అనే ముక్క మాత్రం మిగిలింది. ట్రమడాల్! నొప్పి మాత్రే గానీ, 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చిన మందు. దీన్నే షాపాయన అమ్మితే ఇలాంటి మందులకని వేరే పెట్టే హెచ్1 రిజిస్టరులో నా పేరు, డాక్టరు పేరు, ఎన్ని బిళ్లలో రాసి మూడేళ్లు దాచాలి. సొంత రోగులకు మందివ్వడానికి డాక్టర్లకు లైసెన్సు అక్కర్లేదన్న, మందుల నిబంధనల్లోని షెడ్యూల్ కె కూడా పొట్లం మీద డాక్టరు పేరూ మోతాదూ రాయమనే అంటోంది. మా రోజుల్లో పెథిడిన్ అనే మత్తు ఇంజెక్షన్ ఖాళీ గాజు బుడ్డి (ఆంప్యూల్) తెచ్చి అప్పజెబితేనే ఇంకొకటి బయటికొచ్చేది. తాళంచెవి సిస్టరు నడుముకే ఉండేది. ఇప్పుడు బీరువాలకు గాజు తలుపులు, లోపల రంగు లైట్లు!

కుప్పం దాటితే తమిళనాడులో వాణియంబాడి. 2023లో అక్కడో దంత క్లినిక్‌లో తెరిచిన సెలైన్ సీసాకు దూది కుక్కి మళ్లీ మళ్లీ వాడారు. పదిమందికి మెదడు దాకా ఇన్ఫెక్షన్ పాకి ఎనిమిది మంది పోయారు. ఆ సంగతి 2025లో గానీ పత్రికలకెక్కలేదు.

ఫిర్యాదుకని ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే క్లినిక్‌లు మావి కావన్నారు. వాళ్లు చెప్పిన ఇంకో ఆఫీసు వాళ్లు, మందులు మావి కావన్నారు. రిజిస్టర్డ్ పోస్టులో రాశాను కూడా. రసీదుంది, జవాబు లేదు.

పొట్లం నా దగ్గరే భద్రంగా ఉంది. చూస్తామంటే ఏ అధికారి అయినా రావచ్చు. మాది కింది ఇల్లే, మెట్లెక్కే పని లేదు.

– ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, పలమనేరు