బావోబాబ్‌ని పెకలించి తేవద్దు, గింజ నాటండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఫామ్‌హౌస్‌ల కోసం, గార్డెన్ల కోసం ఎక్కడెక్కడివో ముసలి చెట్లు వేళ్లతో సహా తవ్వి లారీల మీద తెచ్చి పెట్టుకోవడం ఈ మధ్య మనవైపు బాగా ఎక్కువైంది, అందులో బావోబాబ్ అనే ఆఫ్రికా లావు మాను చెట్టు పేరు వింటే మాత్రం నాకు మనసు ఊరుకోదు, అందుకే ఈ ఉత్తరం.

నేను ఆరేళ్లు టాంజానియాలో ఉద్యోగం చేసొచ్చాను. మొరొగోరో నుంచి ఇరింగా వెళ్లే రోడ్డులో ఒకచోట కొండల నిండా ఈ చెట్లే, వానలు లేని నెలల్లో ఒక్క ఆకుండదు, మొదలు మాత్రం పది మంది చేతులు పట్టుకున్నా అందదు. స్వాహిలీలో దాన్ని మ్బుయు అంటారు. కాయ మీద నూగు ఉంటుంది, లోపల పెంకు గట్టిది, రాయితో కొడితే ఎర్రటి పీచు మధ్య తెల్లటి గుజ్జు, అది చెట్టు మీదే ఎండిపోయి సుద్దముక్కల్లా ఉంటుంది, నోట్లో వేసుకుంటే పుల్లగా కరిగిపోతుంది. ఆ గుజ్జు ఉన్న గింజల్నే చక్కెర పాకం, ఎర్ర రంగు, యాలకులు పట్టించి ఉబుయు అని చిన్న చిన్న ప్యాకెట్లలో అమ్ముతారు. మనం చిన్నప్పుడు చింతపండుకి ఉప్పు కారం కలిపి పుల్లకి పెట్టుకుని చప్పరించేవాళ్లం చూడండి, అక్కడి పిల్లలకి ఇది అలాగ. మా పక్కింటి పిల్లలు నాలుక ఎర్రగా చేసుకుని గింజలన్నీ మా గుమ్మం ముందే ఉమ్మేసేవాళ్లు.

ఒక్క కాయే కాదండీ. పశ్చిమ ఆఫ్రికాలో ఆకులు ఎండబెట్టి పొడి కొట్టి కూరల్లో వేస్తారు, సెనెగల్‌లో గుజ్జుతో బుయే అనే జ్యూస్ చేస్తారు, గింజల నుంచి నూనె తీస్తారు. బెరడు వలిచి తాళ్లు పేనుకుంటారు, వేరే చెట్టయితే చుట్టూ వలిస్తే చచ్చిపోతుంది, దీనికి మళ్లీ బెరడు కడుతుంది. టాంజానియాలో ఎయాసి సరస్సు దగ్గర వేట మీద బతికే హడ్జా జనం అయితే మొదలుకి మేకుల్లా కర్రలు దిగ్గొట్టుకుంటూ పైకెక్కి తేనె తీస్తారు, ఈ కాయ వాళ్లకి తిండిలో పెద్ద భాగం. యూరప్ వాళ్లు 2008లో గానీ ఈ గుజ్జుని తినే వస్తువుగా అనుమతించలేదు.

అలాంటి చెట్టుని అందానికి పీకుతారా? 2022లో మధ్యప్రదేశ్ మాండూ దగ్గర ఇవే చెట్లు పెకలించి హైదరాబాద్ వైపు తరలిస్తుంటే అక్కడి జనం ఎదురు తిరిగారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. అదే ఏడాది కెన్యాలో కిలిఫి నుంచి జార్జియా దేశంలో పార్కుకి పంపబోతే అధ్యక్షుడు రూటోనే విచారణకి ఆదేశించారు. అసలే ఇవి కష్టంలో ఉన్నాయి, ఆఫ్రికాలో బాగా వయసైన 13 చెట్లలో 9 చెట్లు 2005 తర్వాత పూర్తిగానో కొంతగానో చచ్చిపోయాయని 2018లో శాస్త్రవేత్తలు రాశారు.

మన గోల్కొండ నయా ఖిలాలో ఉన్నది కూడా ఇదే చెట్టు, హాథియాన్ కా ఝాడ్, అంటే ఏనుగుల చెట్టు అంటారు. మొన్న మా మనవడిని తీసుకెళ్లి చూపించాను, వాడి చెయ్యి అందేంత ఎత్తులో అంతా కత్తితో చెక్కిన పేర్లే, చాలా బాధేసింది. దాని చుట్టూ కంచె వేసి, ఒక మనిషిని కాపలా పెట్టి, దాని కథ తెలుగులో ఉర్దూలో రాసిన బోర్డు పెట్టమని అధికారుల్ని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. అలాగే వయసు మళ్లిన చెట్లని వేరే రాష్ట్రం నుంచి తవ్వి తెచ్చే వాటికి ఇక్కడ పర్మిషన్ ఇవ్వొద్దు.

గోల్కొండ చెట్టు కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి ఓడల వ్యాపారంతో వచ్చిందనే అంటారు, అప్పుడు ఎవరూ ఇంత మానుని మోసుకురాలేదు కదా. నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు మాండూ వెళ్తే రోడ్డు పక్కనే కాయలు అమ్ముతారు, ఒకటి కొనండి. గింజ తొక్క గట్టిది కాబట్టి వేడి నీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు నిలవని ఇసుక మట్టిలో వేయండి. కాపుకి పదిహేను ఇరవై ఏళ్లు పట్టొచ్చు, పట్టనివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, టోలీచౌకి, హైదరాబాద్